మైకా అనే మాట ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గూడూరు పక్క పల్లె. రాత్రిపూట సైదాపురం బస్సు లైట్లు పడితే రోడ్డు వార మట్టి చుక్కలు చుక్కలుగా మెరిసేది. చిన్నప్పుడు ఆ ముక్కలు ఏరి నిక్కరు జేబులో పోసుకుని ఇంటికి తెస్తే మా అవ్వ, "అది బంగారం గాదబ్బయా, కాకిబంగారం. పారెయ్" అనేది. బళ్ళో అయ్యవారు దాన్నే అభ్రకం అన్నారు. గనుల్లో పనిచేసిన వాళ్ళంతా మైకా అన్నారు. ఒక్క రాయికి మూడు పేర్లు ఎందుకా అన్న అనుమానం అప్పుడు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఈ మాట గురించి పిల్లలూ పెద్దలూ నన్ను అడుగుతూ వచ్చినవే ఈ ప్రశ్నలు. ఇక్కడ నెల్లూరంటే పాత నెల్లూరు జిల్లా అనుకోండి. 2022లో గూడూరును తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, భూమిలో ఉన్న రాయికి ఆ సంగతి తెలియదు.

మైకా ఇంగ్లిషు మాటేనా?

ఇంగ్లిషు వాళ్ళు వాడే లాటిన్ మాట. లాటిన్‌లో పలుకుబడి "మీకా". అర్థం తునక, కణిక, రొట్టె విరిస్తే రాలే పొడి. ధనవంతుడు, లాజరు కథ మన వైపు చాలామందికి తెలుసు. ధనవంతుడి బల్ల మీంచి పడే రొట్టెముక్కలతో కడుపు నింపుకోవాలని లాజరు ఆశపడతాడు. లాటిన్ బైబిల్లో ఆ ముక్కలకు వాడిన మాట ఇదే.

క్రీస్తుకు ముందటి రోమన్ కవి కటుల్లస్ ఒకామె అందం గురించి రాస్తూ, అంత మనిషిలో ఒక్క "మీకా" ఉప్పు కూడా లేదు పొమ్మన్నాడు. ఉప్పంటే ఇక్కడ చమత్కారం, ఆకర్షణ. మనం చప్పిడి మనిషి అంటామే, ఇంచుమించు అదే తిట్టు.

రొట్టె తునకకూ ఈ రాయికీ ఏం సంబంధం?

మొదట్లో ఆ పేరు పెద్ద రేకులకు కాదు. ఇసకలోనూ గట్టి రాళ్ళలోనూ మెరిసే చిన్న చిన్న నలుసులకు. అవి చూడటానికి రాతిలో చల్లిన పొడిలాగే ఉంటాయి కాబట్టి తునక అన్న పేరు అతికింది. ఇంగ్లిషులో ఈ ఖనిజార్థం 18వ శతాబ్దపు తొలి ఏళ్ళ నుంచి కనబడుతుంది. పొరలు పొరలుగా ఊడివచ్చే పెద్ద రేకులకు కూడా అదే పేరు పాకడం ఆ తర్వాతి మాట.

కథ అక్కడితో ఆగితే ఇంత రాయనక్కర్లేదు. లాటిన్‌లోనే "మికారే" అని ఇంకో మాట ఉంది. అది క్రియ. తళుక్కుమనడం, మిణుకుమిణుకుమనడం, అదరడం దాని అర్థాలు. రాయి చూస్తే మెరుస్తోంది, పేరు చూస్తే "మీకా". ఇక చదువుకున్నవాళ్ళు ఏమనుకుంటారు? ఈ పేరు "మికారే" నుంచే వచ్చి ఉంటుందనుకున్నారు. ఆ పొరపాటు నమ్మకమే పేరు ఈ ఖనిజానికి గట్టిగా అంటుకునేలా చేసింది. అక్షరాలు తునకవి, బలం మెరుపుది. నిఘంటువులు ఇప్పటికీ రెండు మాటల్నీ పక్కపక్కనే పెట్టి చెబుతాయి.

ఇది విడ్డూరమేమీ కాదు. నెల్లూరు పేరునే తీసుకోండి. మూలస్థానేశ్వరుడు ఉసిరిచెట్టు కింద వెలిశాడు గనక నెల్లి నుంచి నెల్లూరు అంటారు ఒకరు. నెల్లు అంటే వరి, పెన్నా కింద వరి పండే ఊరు గనక నెల్లూరు అంటారు ఇంకొకరు. చుట్టూ వరిచేలు కనబడుతుంటే రెండో కథ తేలిగ్గా నమ్మబుద్ధేస్తుంది. కంటి ముందు ఉన్నది మాట అర్థాన్ని తనవైపు లాక్కుంటుంది. మైకా విషయంలో మెరుపు చేసిందీ ఆ పనే.

"మికారే" ఇంకెక్కడైనా కనబడుతుందా?

రోమన్లకు వేళ్ళతో ఆడే ఆట ఒకటుండేది. ఇద్దరూ ఒకేసారి కొన్ని వేళ్ళు చటుక్కున చాపాలి, మొత్తం ఎన్నో చెప్పాలి. ఆ చటుక్కున చాపడానికి "మికారే" అనేవాళ్ళు. బాగా నమ్మకస్తుణ్ణి చూపించి, "చీకట్లో కూడా ఇతనితో ఆ ఆట ఆడొచ్చు" అనే సామెత వాళ్ళకుండేదని రోమన్ రచయిత సిసిరో రాశాడు. నాకైతే ఈ సామెత ఎంత నచ్చిందో చెప్పలేను. చీకట్లో మైకా ముక్క పనికిరాదు, ఆ మనిషి మాత్రం పనికొస్తాడు.

తెలుగులో ఇట్లా తునకనూ మెరుపునూ కలిపే మాట ఉందా?

ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనే అడుగుతున్నా, ఎందుకంటే ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఇదే.

ఉంది. రవ్వ.

ఉప్మాకు పోసేది రవ్వ. గోధుమను విరగ్గొడితే వచ్చే తునక. నిప్పు నుంచి ఎగిరేది కూడా రవ్వే. చెవులకు పెట్టుకునేవి రవ్వల దుద్దులు, అక్కడ రవ్వంటే చిన్న వజ్రం. "రవ్వంత ఉప్పెయ్యి" అంటే ఇంచుక. చిన్న ముక్క, నిప్పు మెరుపు, రాతి మెరుపు, కొద్దిపాటి కొలత, ఇవన్నీ ఒక్క మాటలో. లాటిన్ వాళ్ళకు ఇందుకు రెండు మాటలు కావలసి వచ్చాయి, ఆ రెంటినీ కలపడానికి పొరపాటు పడవలసి వచ్చింది. మన వంటింట్లో డబ్బా మూత తీస్తే చాలు.

మైకాను తెలుగులో రవ్వరాయి అనాలని నేననను. కొత్త పేర్లు పెట్టే ఉబలాటం నాకు లేదు. అయితే పిల్లలకు ఈ ఇంగ్లిషు మాట పుట్టుక చెప్పాలంటే దీనికన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు.

రొట్టె పొడి అన్న పాత అర్థం ఇప్పుడు ఎక్కడన్నా మిగిలిందా?

ఫ్రెంచిలో "మీ" అంటే రొట్టె లోపలి మెత్తటి భాగం. స్పానిష్‌లో "మీగా" అంటే రొట్టె ముక్క. రెండూ ఈ లాటిన్ మాట బిడ్డలే. ఇటాలియన్లు ఇంకో అడుగు ముందుకేశారు. వాళ్ళ మాటల్లో "మీకా" అన్నది "లేదు" అనడాన్ని గట్టి చేసే ముక్క. పాత ఫ్రెంచిలోనూ ఇంతే. "రొట్టె పొడంత కూడా లేదు" అనడంలోంచి పుట్టిన వాడుక అది. మనం "ఇసుమంత కూడా లేదు" అంటాం. ఇసుము అంటే ఇసక. వాళ్ళకు రొట్టె పొడి, మనకు ఇసక రేణువు.

మైక్రోస్కోపు, మైకు కూడా ఇందులోంచే వచ్చాయా?

లేదు. అవి గ్రీకు "మిక్రోస్" నుంచి. అంటే చిన్నది. లాటిన్ "మీకా", గ్రీకు "మిక్రోస్" ఎప్పుడో ఆదిలో ఒకే వేరు పిల్లలై ఉండవచ్చని భాషాశాస్త్రజ్ఞులు కొందరంటారు. అయినా మైకులో ఉన్నది గ్రీకు, మైకాలో ఉన్నది లాటిన్. ఈ రెండూ కలిసిన చోటు ఒకటుంది లెండి, శబ్దం దగ్గర. పాత గ్రామఫోనులో ముల్లు కదలికను పాటగా మార్చే గుండ్రటి పలుచని పొర మైకా రేకే.

బైబిల్లో మీకా గ్రంథం ఉంది కదా?

ఉంది, దీనికి చుట్టం కాదు. అది హీబ్రూ పేరు. "దేవుని వంటివాడు ఎవడు?" అని అర్థం. పలుకుబడి కలవడం యాదృచ్ఛికం.

మరి అభ్రకం?

సంస్కృతంలో అభ్రం అంటే మబ్బు. మబ్బులాంటిది అభ్రకం. పొరల మీద పొరలు, మసక తెలుపు, అక్కడక్కడ వెలుగు. పల్చటి రేకును ఎండకు ఎత్తి పట్టి చూడండి, పేరు పెట్టినవాడి చూపు అర్థమవుతుంది. వాడుకలో నోరు తిరగక అబ్రకం అంటాం, హిందీవాళ్ళు అబ్రక్ అంటారు.

ఖనిజాలతో మందులు చేసే ఆయుర్వేద శాఖ రసశాస్త్రం. దాని గ్రంథాలు అభ్రకాన్ని నాలుగు రకాలుగా చెబుతాయి, అదీ నిప్పులో వేస్తే ఏం చేస్తుందన్న దాన్ని బట్టి. పొరలు విచ్చుకుంటే పినాకం. పాములా బుస కొడితే నాగం. కప్పలా ఎగిరితే మండూకం. ఏమీ కాకుండా అట్లాగే ఉంటే వజ్రం. మందుకు పనికొచ్చేది ఈ చివరిదేనన్నారు. వడ్లతో కలిపి గుడ్డలో మూటగట్టి, నానబెట్టి, నలిపి పొడి చేసినదానికి ధాన్యాభ్రకం అని పేరు. ఇవన్నీ మాటల వరకే చెబుతున్నా. రోడ్డు పక్కన ఏరిన ముక్కతో ఎవరూ భస్మం చేసుకు తినకండి.

తమాషా ఏమంటే, ఇంగ్లిషులో వర్మిక్యులైట్ అని మైకాకు దగ్గరి చుట్టం ఒకటుంది. నర్సరీల్లో కుండీ మట్టిలో కలుపుతారు, చూసే ఉంటారు. దానికి 1824లో పెట్టిన పేరు లాటిన్ పురుగు నుంచి వచ్చింది. నిప్పు తగిలితే పొరల మధ్య ఉన్న నీరు ఆవిరై, ముక్క పురుగులా సాగి మెలికలు తిరుగుతుంది. మనవాళ్ళకు నిప్పులో కప్ప కనబడింది, వాళ్ళకు పురుగు కనబడింది.

కాకిబంగారం అని ఎందుకంటారు?

మెరుపు బంగారానిది, విలువ కాకిది. తమిళంలో కాక్కాపొన్ను, కన్నడంలో కాగెబంగార, అంతా ఇదే లెక్క. జర్మన్ భాషలో మైకాకు ఉన్న పాత పేర్లు పిల్లిబంగారం, పిల్లివెండి. పసుపు రంగు ముక్క పిల్లిబంగారం, తెల్లది పిల్లివెండి. ఒకరి మాట ఒకరికి తెలిసే వీల్లేదు, అయినా ఆలోచన ఒకటే. పనికిరాని మెరుపును ఇంటి చుట్టూ తిరిగే ఏదో ఒక జీవికి అంటగట్టేశారు. వాళ్ళకు పిల్లి లోకువ, మనకు కాకి లోకువ.

జర్మన్‌లో దీని అసలు పేరు గ్లిమ్మర్. మిణుకు అని అర్థం. వాళ్ళు లాటిన్ చుట్టూ తిరక్కుండా నేరుగా మెరుపునే పట్టుకున్నారు.

మన గనుల్లో దొరికేది మస్కోవైట్ రకం మైకా అట కదా. మాస్కోకూ మనకూ ఏం సంబంధం?

రష్యాకు పాత పేరు మస్కోవీ. అక్కడ పెద్ద మైకా రేకుల్ని కిటికీలకు గాజుకు బదులు బిగించేవాళ్ళు. పశ్చిమ ఐరోపాకు ఆ రేకులు అటు నుంచే వచ్చేవి గనక ఇంగ్లిషువాళ్ళు వాటిని మస్కోవీ గాజు అన్నారు. 1850లో అమెరికా ఖనిజ శాస్త్రవేత్త జేమ్స్ డ్వైట్ డేనా ఆ పేరునే సాగదీసి మస్కోవైట్ అని స్థిరం చేశాడు. చివరి "ఐట్" గ్రీకు నుంచి వచ్చిన తోక, ఫలానాదానికి చెందినది అని చెప్పడానికి. అట్లా కలిచేడు గనిలోంచి తీసిన రేకు కూడా శాస్త్రం దృష్టిలో మాస్కోదే అయింది.

పేరు పెట్టే అధికారం ముందు చూసినవాడిది, తవ్వినవాడిది కాదు. నాకు ఇది కాస్త కష్టంగానే ఉంటుంది. వ్యాపారంలో మాత్రం మన పేరు నిలబడింది. బీహారు వైపు ఎర్ర ఛాయ మైకాను రూబీ మైకా అన్నట్టే, మన ఆకుపచ్చ ఛాయ మైకాకు నెల్లూరు గ్రీన్ అని పేరుంది. ఇంకో వింత కూడా చెప్పాలి. మన దేశపు మైకాను పెద్ద ఎత్తున కొన్నవాళ్ళలో సోవియట్ యూనియన్ ఒకటి. అంటే మాస్కో పేరు మోసే రాయి మాస్కోకే పోయేది. 1991లో ఆ దేశం ముక్కలయ్యాక వ్యాపారానికి దెబ్బ తగిలింది. రేడియోల్లో వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు రావడంతో అప్పటికే గిరాకీ పడిపోతూ వస్తోంది.

మిగతా మైకాల పేర్లు?

తొందరగా చెప్పేస్తా. నల్లటిది బయొటైట్, మైకాలో వెలుతురు నడకను పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త బియో పేరు మీద 1847లో పెట్టారు. ఫ్లోగొపైట్ అంటే గ్రీకులో నిప్పులా కనబడేది, దాని ఎర్ర ఛాయను బట్టి. లెపిడొలైట్ అంటే పొలుసురాయి. చేప పొలుసుల్లాంటి ఊదారంగు ముక్కలు, లోపల లిథియం ఉంటుంది. 1861లో రుబీడియం అనే మూలకాన్ని కనిపెట్టింది ఈ పొలుసురాయిలోనే.

తునక అన్న పేరు నెల్లూరు మైకాకు నప్పుతుందా?

బొత్తిగా నప్పదు. నెల్లూరు ప్రాంతంలో 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న రేకులు దొరికిన సంగతి ఖనిజ గ్రంథాల్లోకెక్కింది. అంటే ఒక గది గోడంత. దాన్ని పట్టుకుని రొట్టె పొడి అంటే ఎట్టా?

గనుల వాడుకలో ఇంతకన్నా మంచి మాట ఉంది. భూమిలోంచి దిమ్మగా వచ్చిన మైకాను బుక్కు అంటారు. పుస్తకమే. అంచున చాకు దూర్చి తిప్పితే పేజీల్లా విడిపోతుంది. ఆ విడదీసే పని ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవాళ్ళు, చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య మందం తెలుసుకుంటూ. అట్లా విడిపోవడానికి కారణం లోపలి అల్లిక. సిలికాన్, ఆక్సిజన్, అల్యూమినియం కలిసి గట్టి పొరలు కడతాయి. పొరకూ పొరకూ మధ్య పొటాషియం ఉంటుంది, దాని పట్టు బలహీనం. అడ్డంగా కోయాలంటే కష్టం, పొర లేపాలంటే గోరు చాలు.

ఆ దిమ్మలు ఉండే రాతిని పెగ్మటైట్ అంటారు. గ్రీకులో బిగించి కట్టినది అని. పలుగురాయి, ఫెల్‌స్పార్, మైకా మూడూ పెద్ద పెద్ద ముక్కలుగా ఒకదానికొకటి బిగిసి ఉంటాయి గనక. దాని చుట్టూ ఉండే రాయి షిస్టు. అది కూడా గ్రీకే, చీలేది అని అర్థం. మనసు చీలడం అన్న భావంతో స్కిజోఫ్రీనియా పేరు పెట్టింది ఈ మాటతోనే. నెల్లూరు కింద పరుచుకున్న రాతి పట్టీని భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అంటారు.

మార్కాపురం పలకల్లో మైకా ఉంటుందా?

ఉంటుంది, కంటికి ఆననంత సన్నగా. బంకమన్ను గట్టిపడి, భూమి ఒత్తిడికి లోపల సన్నని మైకా రేకులు ఒకే వైపుకు పడుకుంటేనే రాయి పలకలుగా చీలుతుంది. అంటే మనం ఓనమాలు దిద్దిన పలక చీలింది మైకా పుణ్యమే.

ఇంగ్లిషులో దాన్ని స్లేటు అంటారు. పాత ఫ్రెంచిలో చీలిక, పెళ్ళ అన్న మాట నుంచి వచ్చింది. ఆ మాటే నేటి ఫ్రెంచిలో "ఎక్లా" అయింది. దానికి రెండు అర్థాలు: పగిలిన ముక్క, ధగధగ. మళ్ళీ మన రవ్వే! మొదటిసారి ఈ సంగతి కనబడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పోయి మా ఆవిడకు చెప్పా. "సరే, రవ్వ అయిపోయింది, పోయి తీసుకురా" అంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసేది మైకానేనా?

చాలామంది ఇట్లాగే అనుకుంటారు. కాదు. ఆ రాగి రంగు చుక్కలు బ్రాంజైట్ అనే వేరే ఖనిజం. కంచు మెరుపు ఉంది గనక ఆ పేరు. గోటితో గీకి చూడండి, మైకా అయితే పొర లేస్తుంది, ఇది లేవదు. ఇంకో మాట. ఆ నల్లరాయి శాస్త్రం ప్రకారం గ్రానైట్ కూడా కాదు, గాబ్రో జాతిది. అంగట్లో మెరుగు పెట్టి అమ్మే గట్టి రాయి ఏదైనా గ్రానైటే.

గ్రానైట్ అన్న మాట లాటిన్ గింజ నుంచి ఇటాలియన్ ద్వారా వచ్చింది. గింజలు గింజలుగా ఉండే రాయి. గింజల రాతిలో రొట్టె పొడి, మన ఒంగోలు సంతలో పేరు పెట్టినట్టే ఉంది. గెలాక్సీకి మూలం గ్రీకులో పాలు. మనం పాలపుంత అంటాం, పుంత అంటే దారి.

వడ్రంగి టేబులు మీద అంటించే సన్‌మైకాలో మైకా ఎంత ఉంటుంది?

అసలు ఉండదు. కాగితపు పొరల్ని రెసిన్‌లో తడిపి, వేడితో ఒత్తిడితో అతికించిన అట్ట అది. మరి ఆ పేరెందుకంటే దీని వెనక ఇంకో పేరు కథ ఉంది. 1912లో అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ అనే ఇద్దరు ఇంజినీర్లు కరెంటు పనుల్లో మైకాకు బదులు వాడటానికి ఈ అట్టను తయారు చేశారు. "మైకాకు బదులు" అన్న ఇంగ్లిషు మాటల్నే కుదించి ఫార్మికా అని పేరు పెట్టారు. తర్వాత అది కరెంటు పని వదిలేసి బల్లల మీదికెక్కింది, మైకా అన్న మాట ఆ జాతి అట్టలన్నిటికీ అంటుకుంది. మైకా వద్దని పెట్టిన పేరు చివరకు మైకాగానే మిగిలింది.

లాటిన్‌లో "ఫార్మికా" అంటే చీమ కూడా. ఫార్మిక్ ఆమ్లం పేరు అందులోంచే, ముందు చీమల్లోంచే తీశారు దాన్ని. అట్టకూ చీమకూ సంబంధం లేదు. చీమకుర్తి వాళ్ళు ఇందులోకి రానక్కర్లేదు.

పాత ఇస్త్రీపెట్టెలో ఉండే పలుచని రేకు నిజమైన మైకానేనా?

అదే నిజమైనది. వేడిని తట్టుకుంటుంది, కరెంటును పోనివ్వదు. రెండు గుణాలూ ఒకే రేకులో ఉండటం అరుదు, అందుకే లోపలి తీగ చుట్ట మైకా మీద చుట్టి, పైనా కిందా మైకా రేకులే పెట్టేవాళ్ళు. మా ఇంట్లో చెడిపోయిన ఇస్త్రీపెట్టె విప్పినప్పుడు ఆ రేకు చూసి మా అవ్వకు చూపించా. "కాకిబంగారానికి ఇస్త్రీ చేసే పని దొరికిందా" అంది.

తెలుగులో రాసేటప్పుడు ఏ మాట వాడమంటారు?

పాఠంలో అభ్రకం. గని, వ్యాపారం, కరెంటు సామాను గురించైతే మైకా, ఎందుకంటే అక్కడ ఎవరూ ఇంకో మాట అనరు. కథ రాస్తుంటే కాకిబంగారం.